రికీ విల్సన్ పేరు కూడా వేయండి

ఎడిటర్ గారికి నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో అమెరికన్ బ్యాండ్ బి-52స్ గురించి, వాళ్లని ఇంటింటికీ తెలిసేలా చేసిన 'కాస్మిక్ థింగ్' ఆల్బమ్ గురించి వచ్చిన వ్యాసం చదివాను. తెలుగు పేపర్లో ఈ పేరు కనిపించడమే అరుదు కదా, చూడగానే ప్రాణం లేచొచ్చింది. చదివి కింద పెట్టేసరికి మాత్రం మనసు చివుక్కుమంది. వ్యాసమంతా ఆడవాళ్ల ఎత్తు కొప్పుల గురించి, రంగురంగుల బట్టల గురించి, 'లవ్ షాక్' పాట పెడితే పార్టీల్లో జనం ఎలా ఊగిపోతారో దాని గురించే ఉంది. పదేళ్లు ఎవరికీ పట్టని ఒక అల్లరి బ్యాండుకి 1989లో అదృష్టం కలిసొచ్చిందని తేల్చేసి, ఆఖరున "బరువులేని సరదా పాటలు" అని ఒక ముద్ర వేసి ముగించారు. ఆ బ్యాండులో ఐదో మనిషి ఉండేవాడని గానీ, ఆ మనిషి పోయిన తర్వాత మిగిలిన నలుగురూ చేసిన ఆల్బమే ఇదని గానీ ఒక్క ముక్క లేదు. ఈ ఉత్తరం రాసేది ఆ ఒక్క ముక్క కోసమే.

ఆయన పేరు రికీ విల్సన్. బ్యాండులో పాడే సిండీ విల్సన్‌కి సొంత అన్న. జార్జియా రాష్ట్రంలో ఏథెన్స్ అనే యూనివర్సిటీ ఊళ్లో పుట్టి పెరిగినవాళ్లు. రికీ, డ్రమ్స్ వాయించే కీత్ స్ట్రిక్‌లాండ్ హైస్కూల్ రోజుల నుంచీ ప్రాణస్నేహితులు. వీళ్లకి న్యూజెర్సీ నుంచి వచ్చిన ఫ్రెడ్ ష్నైడర్, కేట్ పియర్సన్ తోడయ్యారు. 1976లో ఐదుగురూ ఒక రాత్రి చైనీస్ రెస్టారెంట్లో కూర్చుని ఒకే డ్రింకు పంచుకుని తాగి, అక్కణ్ణుంచి స్నేహితుడి ఇంటికి వెళ్లి వాయించుకుంటూ కూర్చుంటే బ్యాండు పుట్టింది. మొదటి ప్రదర్శన 1977 ఫిబ్రవరి 14న, అదీ ఊళ్లోనే ఒక స్నేహితుల ఇంట్లో పార్టీలో. పేరు చూసి బాంబర్ విమానం గుర్తొస్తుంది కానీ, ఆ విమానం ముక్కులా ఉండే ఎత్తు కొప్పుని జనం ఆ పేరుతో పిలిచేవాళ్లు, అక్కణ్ణుంచి తీసుకున్నారు. కొప్పు గురించి మీ వ్యాసంలో ఉంది కాబట్టి దాని జోలికి ఇంక వెళ్లను.

రికీ గిటార్ గురించి మాత్రం కాస్త చెప్పాలి. మామూలుగా గిటార్‌కి ఆరు తీగలుంటాయి కదా, ఆయన మధ్య తీగలు పీకేసి, మిగిలినవాటిని తన చెవికి నచ్చిన శ్రుతిలో బిగించుకునేవాడు. కింది స్థాయి తీగల మీద గుర్రం దౌడు తీసినట్టు ఒక వరస నడుస్తుంటే, పైతీగల మీద సూదితో గుచ్చినట్టు ఇంకో వరస పలుకుతుంది, మధ్యలో ఏమీ ఉండదు, ఖాళీ. ఆ ఖాళీలోనే ఫ్రెడ్ మాటలు విసిరేస్తాడు, కేట్, సిండీ గొంతులు కలిపి కేక పెడతారు. బ్యాండులో బేస్ గిటార్ వాయించేవాళ్లు లేరు, ఆ పని కేట్ ఎడం చేత్తో కీబోర్డు మీద కానిచ్చేది. 1978లో మొదట సింగిల్‌గా వచ్చిన 'రాక్ లాబ్‌స్టర్' ఒక్కసారి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వినండి, గిటార్ తప్ప మిగతావన్నీ పక్కన పెట్టి వినండి, నేను చెప్పేది తెలుస్తుంది. 1980లో బెర్ముడాలో ఒక క్లబ్బులో ఆ పాట చెవిన పడితే బీటిల్స్ బ్యాండు జాన్ లెనన్ అంతటివాడికి మళ్లీ పాటలు చేయాలన్న హుషారు పుట్టింది, ఆ సంగతి ఆయనే చెప్పుకున్నాడు. పదేళ్లు ఎవరికీ పట్టని బ్యాండు అన్న మాట ఎలా రాయగలిగారో నాకు అర్థం కాలేదు.

1985 అక్టోబర్ 12న రికీ పోయాడు. ఎయిడ్స్. వయసు 32. ఆ రోజుల్లో అమెరికాలో ఆ జబ్బు పేరు బయటికి చెప్పుకోవడానికే భయం, రోగి దగ్గరికి రావడానికి సొంతవాళ్లే వెనకాడిన కాలం అది. జబ్బు సంగతి రికీ ఒక్క కీత్‌కి తప్ప ఎవరికీ చెప్పలేదు. పక్కనే నిలబడి రోజూ పాడే చెల్లెలికి కూడా. అప్పటికే వాళ్లు 'బౌన్సింగ్ ఆఫ్ ద శాటిలైట్స్' అనే ఆల్బమ్ రికార్డింగులో ఉన్నారు, అది 1986లో విడుదలైంది కానీ దాన్ని తీసుకుని ఊరూరా తిరిగి పాడే ఓపిక ఎవరికీ లేకపోయింది, పర్యటన మానేశారు. బ్యాండు ఇక అయిపోయినట్టేనని బయటివాళ్లే కాదు, వాళ్లూ అనుకున్నారు.

ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పుకోనివ్వండి. ఈ బ్యాండు నాకు మా తమ్ముడి ఫోన్‌లో దొరికింది. వాడు పోయి నాలుగేళ్లయింది. పోయాక చాలా నెలలు ఆ ఫోన్ ముట్టుకోలేదు, ఒకరోజు ఛార్జింగ్ పెట్టి తెరిస్తే పాటల యాప్‌లో వాడు సగంలో ఆపిన పాట అలాగే ఉంది, 'రోమ్' అని, ఊరి పేరు కాదు, తిరగడం అని అర్థం, 'కాస్మిక్ థింగ్'లోదే. నొక్కాను. చప్పట్ల దరువు మీద ఇద్దరు ఆడవాళ్ల గొంతులు, ఇష్టమొచ్చినంత దూరం తిరిగి రమ్మని చెబుతున్నట్టు. ఆపేద్దామని వేలు దాకా వెళ్లి ఆపలేకపోయాను. ఆ గొంతుల్లో ఒకటి అన్నని పోగొట్టుకున్న చెల్లెలిదని అప్పుడు నాకు తెలీదు, చదివి తెలుసుకున్నది తర్వాత. తెలిశాక మళ్లీ విన్నాను. అందుకే "బరువులేని" అన్న మాట నాకు అంత గట్టిగా తగిలింది.

మళ్లీ అసలు విషయానికొస్తాను. 'కాస్మిక్ థింగ్'కి మొదటి అడుగు వేసింది కీత్. స్నేహితుడు పోయాక గిటార్ వాయించే మనిషి లేడు, కొత్తవాణ్ణి తెచ్చి ఆ చోట నిలబెట్టడం వాళ్లకి ఇష్టం లేదు. అందుకని డ్రమ్స్ వదిలేసి తనే గిటార్ పట్టాడు. ఇంటి దగ్గర ఒక్కడే కూర్చుని మాటల్లేని బాణీలు కట్టుకుంటూ పోయాడు, కొన్నాళ్లకి అవి మిగతా ముగ్గురికీ వినిపించాడు. అప్పుడు మళ్లీ నలుగురూ ఒక గదిలో కూర్చున్నారు. వీళ్లు పాట రాసే పద్ధతే వేరు, కాగితం మీద రాసుకుని రారు, కీత్ బాణీ నడుస్తుంటే ముగ్గురూ నోటికొచ్చింది పాడుకుంటూ పోతారు, టేపు తిరుగుతూనే ఉంటుంది, తర్వాత ఆ గంటల టేపులన్నీ విని బాగున్న ముక్కలు ఏరి అతుకుతారు. అంటే ఒకరి మాట ఇంకొకరు వినకపోతే పాటే పుట్టదు. చావు చూసిన నలుగురు మనుషులు మళ్లీ ఒకరి నోట్లోంచి ఒకరు మాట అందుకోవడం నేర్చుకున్నారంటే అది చిన్న సంగతి కాదు. ఈ పాటలు కట్టుకోవడమే తమ గాయానికి మందయిందని వాళ్లే తర్వాత చెప్పారు.

అలా కూర్చున్నవాళ్లకి నోటికొచ్చినవి ఏవయ్యా అంటే ఏథెన్స్ రోజులే. ఐదుగురూ కలిసున్న రోజులు, జేబులో డబ్బుల్లేని రోజులు. 'డెడ్‌బీట్ క్లబ్' అన్న పాట మొత్తం అదే, పనీపాటా లేకుండా కాఫీ హోటల్లో కూర్చుని, చవక బీరు తాగి, రాత్రి వానలో ఆడిన కుర్రతనం. మెల్లగా సాగుతుంది. దాని వీడియోలో అదే ఊళ్లో పుట్టిన ఆర్.ఇ.ఎమ్. బ్యాండులో పాడే మైకేల్ స్టైప్ కూడా కనిపిస్తాడు. 'డ్రై కౌంటీ' పాటలో ఎండాకాలం మధ్యాహ్నం ఏమీ తోచక అరుగు మీద కూర్చున్నట్టుంటుంది. ఇవి రెండూ విన్నవాళ్లు ఈ ఆల్బమ్‌ని కేవలం గంతుల ఆల్బమ్ అనలేరు. 'ఛానెల్ Z' అయితే పూర్తిగా వేరే దారి, ఓజోన్ పొరకి చిల్లు, రేడియోలో గోల, లోకం తీరు మీద మంట. ముందుగా కాలేజీ రేడియోలకి వెళ్లిన పాట అదే, 'లవ్ షాక్' కాదు.

సరే, 'లవ్ షాక్' గురించీ మాట్లాడుకుందాం. ఏథెన్స్ ఊరి బయట కేట్ అద్దెకున్న ఒక పాత రేకుల ఇల్లుండేది, కుర్రకారంతా అక్కడే చేరేవాళ్లు, 'రాక్ లాబ్‌స్టర్' పుట్టిందీ అక్కడేనంటారు. ఆ ఇల్లు 2004లో కాలిపోయింది. పాటలోని ఇంటికి ఆ రేకుల కప్పు అక్కణ్ణుంచే వచ్చింది. పాట ఆఖర్లో దరువంతా ఒక్కసారిగా ఆగిపోతుంది, నిశ్శబ్దంలో సిండీ ఒక్కతే "టిన్ రూఫ్, రస్టెడ్!" అని అరుస్తుంది, వెంటనే బ్యాండంతా మళ్లీ విరుచుకుపడుతుంది. అది ముందుగా అనుకుని పెట్టింది కాదు. సాధన చేస్తుండగా వాయిద్యం ఆగిపోయింది, సిండీ ఆపలేదు, పాటలో లీనమైపోయి తుప్పు పట్టిన రేకుల కప్పుని తలుచుకుని అరిచేసింది, అందరికీ నచ్చి అలాగే ఉంచేశారు. ఆ మూడు ముక్కలకి జనం ఏవేవో గూఢార్థాలు తీశారు గానీ, అది ఉత్త ఇంటి కప్పే. నాకు ఆ క్షణం వచ్చినప్పుడల్లా ఒళ్లు జలదరిస్తుంది. అంతా ఆగిపోయిన చోట ఆమె ఒక్కతే ఆగకపోవడం, ఆ గొంతు పట్టుకుని మిగతావాళ్లు మళ్లీ మొదలుపెట్టడం. మీ వ్యాసంలో ఈ అరుపుని "వింత కేక" అన్నారు.

అదృష్టం కలిసొచ్చిందన్న మాటకి కూడా జవాబు చెప్పాలి. ఈ ఆల్బమ్‌ని ఇద్దరు ప్రొడ్యూసర్లు పంచుకున్నారు, నైల్ రాజర్స్, డాన్ వాజ్. నైల్ రాజర్స్ అంటే 'షీక్' బ్యాండు గిటారిస్టు, డేవిడ్ బోవీకి 'లెట్స్ డాన్స్', మడోన్నాకి 'లైక్ ఎ వర్జిన్' చేసిపెట్టిన చెయ్యి. 'రోమ్' ఆయన చేతి మీదుగా వచ్చింది, 'లవ్ షాక్' డాన్ వాజ్ చేతి మీదుగా. ఇద్దరూ బ్యాండు వెర్రితనాన్ని నునుపు చేయలేదు, కింద దరువు మాత్రం గట్టిగా కట్టారు. పాత ఆల్బమ్‌లు విని వెంటనే ఇది వింటే తేడా అక్కడే తెలుస్తుంది. రికీ గిటార్ మధ్యలో వదిలిన ఖాళీ ఇందులో ఉండదు, కీత్ దాన్ని రికీలా నింపాలని చూడలేదు, తనకి వచ్చినట్టు వెచ్చగా, నిండుగా వాయించాడు. కొందరు పాత అభిమానులకి ఈ నిండుతనం నచ్చలేదు, మునుపటి పదును పోయిందంటారు. ఆ మాటలో నిజం లేకపోలేదు. పదునైన మనిషి పోయాడు మరి, ఆయన పదునుని నకలు కొట్టకపోవడమే కీత్ ఇచ్చిన మర్యాద అని నేను అనుకుంటాను.

1989 జూన్‌లో ఆల్బమ్ విడుదలైంది. 'లవ్ షాక్' రాత్రికి రాత్రి ఎక్కిన పాట కాదు, కాలేజీ రేడియోల నుంచి మెల్లగా పాకి నవంబర్‌కి గానీ అమెరికా హిట్ పాటల జాబితా బిల్‌బోర్డ్ హాట్ 100లో 3వ స్థానం అందుకోలేదు. ఆ తర్వాత 1990లో 'రోమ్' కూడా సరిగ్గా 3 దగ్గరే నిలిచింది. ఆల్బమ్ అక్కడి ఆల్బమ్‌ల జాబితాలో 4వ స్థానం దాకా వెళ్లింది, అమెరికాలోనే 40 లక్షల కాపీల గుర్తింపు తెచ్చుకుంది, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లలో అయితే ఏకంగా మొదటి స్థానం. 'లవ్ షాక్' వీడియోకి 1990లో ఎంటీవీ వాళ్లు ఉత్తమ బృంద వీడియో అవార్డు ఇచ్చారు, అందులో డాన్సు చేసే గుంపులో అప్పటికింకా పెద్దగా పేరు రాని ఆడవేషాల కళాకారుడు రూపాల్ కూడా ఉన్నాడు. ఇంత జరిగాక, ఆ పర్యటన ముగిశాక, 1990లో సిండీ బ్యాండు నుంచి కొన్నేళ్లు పక్కకి తప్పుకుంది. అంత పెద్ద విజయం ఇంటికొచ్చి కూర్చున్నా ఆమెకి విశ్రాంతే కావాల్సి వచ్చింది. ఇది కూడా మీ వ్యాసంలో లేదు.

వ్యాసం రాసినవారి మీద నాకు కోపమేం లేదండీ. ఆ పాటలంటే ఆయనకి ఇష్టమేనని రాతలో తెలుస్తోంది. కానీ నవ్విస్తున్నారు కాబట్టి వాళ్ల దగ్గర బరువేమీ లేదనుకోవడం నాకు అన్యాయంగా తోచింది. ఇంట్లో ఒకరు పోయాక పాట పెట్టుకోవడానికే చెయ్యి రాదు. అలాంటిది వీళ్లు పాట కట్టారు, అదీ లోకమంతా లేచి ఆడేలాంటి పాట, పోయినవాడితో గడిపిన రోజుల్నే తీసుకుని కట్టారు.

మీరు వేసిన ఫొటోలో నలుగురున్నారు. 1989 నాటి ఫొటో కాబట్టి అది తప్పని అనను. ఈ ఉత్తరమంతా వేయడానికి మీకు చోటు లేకపోవచ్చు, పర్లేదు. వచ్చే ఆదివారం అదే పేజీలో ఒక మూల, ఐదుగురూ ఉన్న పాత ఫొటో చిన్నది ఒకటి వేసి, కింద ఈ రెండు ముక్కలు చేర్చండి చాలు: రికీ విల్సన్, 1953-1985, బి-52స్ గిటారిస్టు. 'కాస్మిక్ థింగ్'లో గిటార్ వాయించిన కీత్ స్ట్రిక్‌లాండ్ ఆయన స్నేహితుడు, పాడిన సిండీ ఆయన చెల్లెలు.

ఇట్లు,
మీ పాఠకురాలు