పడింది ఇంట్లో కాదు, దుకాణంలో

గౌరవనీయులైన తెలంగాణ కార్మిక శాఖ మంత్రి గారికి నమస్కారం.

ఫ్యాక్టరీలో చెయ్యి తెగితే ప్రమాదం అంటారు. బట్టల దుకాణంలో పైనుంచి పడితే "చూసుకుని ఎక్కకూడదా" అంటారు. ఆ తేడా గురించే ఈ లేఖ.

పై అరలోని పట్టుచీరల కట్ట కోసం అమ్మాయిలు కౌంటరు అంచు మీద ఒక కాలు, అర మీద మరో కాలు పెట్టి ఎక్కడం మీరూ చూసే ఉంటారు. నిచ్చెన లేక కాదు, అది గోదాములో ఉంటుంది. ఎదురుగా కస్టమరు కూర్చుని ఉంటే దాన్ని తెచ్చే తీరిక ఎవరికి? సూపర్ మార్కెట్లలో బియ్యం బస్తాలకు నడుములు పట్టేస్తాయి, అట్టపెట్టెలు కోసే బ్లేడు అరచేతిలో దిగుతుంది.

నాతో పనిచేసిన ఒక అమ్మాయి దసరా రద్దీలో అలా ఎక్కి పడింది. మణికట్టు విరిగింది. ఆస్పత్రికి వెళ్లే దారిలోనే సూపర్‌వైజరు, "బాత్‌రూములో జారిపడ్డానని చెప్పమ్మా" అన్నాడు. పాపం, అలాగే చెప్పింది. పనిలో తగిలిన గాయమని రాయించి ఉంటే, కోలుకునేదాకా ఉద్యోగుల బీమా పథకమైన ఈఎస్‌ఐ నుంచి జీతంలో 90 శాతం వచ్చేది. చేరిన మొదటి రోజే దెబ్బ తగిలినా ఆ హక్కు ఉంటుంది. మామూలు అనారోగ్యానికైతే 70 శాతమే, అదీ ఏడాదికి 91 రోజులకు మించదు. పైగా అంతకుముందరి ఆరు నెలల చందా కాలంలో కనీసం 78 రోజులకు చందా కట్టి ఉండాలి. ఆమె చేరి రెండు నెలలు కూడా కాలేదు. చేతికి కట్టు తప్ప ఏమీ దక్కలేదు.

ప్రమాదం జరిగితే యజమాని ఈఎస్‌ఐకి తెలపాలన్న నిబంధన ఎప్పటినుంచో ఉంది. మీ అధికారులు తనిఖీకి వచ్చినప్పుడు జీతాల పట్టీతో పాటు ప్రమాదాల రిజిస్టరు కూడా అడగమనండి. వందమంది పనిచేసే చోట ఏడాదంతా ఒక్క పేరూ లేకపోతే మెచ్చుకోకండి, అనుమానించండి. యజమాని మనుషులు పక్కన లేకుండా మాతో మాట్లాడమనండి.

కుర్చీ సంగతి కూడా. కేరళ 2018లో, తమిళనాడు 2021లో దుకాణాల చట్టాలు సవరించి సిబ్బందికి కూర్చునే హక్కు ఇచ్చాయి. మా అంతస్తులో కుర్చీలకు కొదవ లేదు, అన్నీ కస్టమర్లవే. రాత్రికి మా పాదాలు చెప్పుల్లో పట్టవు.

ఈ ఆదేశాలు ఆషాఢం తగ్గింపు అమ్మకాలు మొదలయ్యేలోపే ఇవ్వండి. మా ఎక్కడాలు దిగడాలు ఎక్కువయ్యేది అప్పుడే.

ఇట్లు,
హైదరాబాదులోని ఒక బట్టల దుకాణం ఉద్యోగిని