చివాయ్ నుంచి ఒక ఉత్తరం

చివాయ్, పెరూ
జూలై, శనివారం రాత్రి

రేయ్ మామా,

ఫోనుండగా వీడికి కాగితం మీద రాసే రోగం ఎప్పట్నుంచి పట్టుకుంది అనుకుంటున్నావు కదా. ఇక్కడ చలికి ఫోను బ్యాటరీ చూస్తుండగానే దిగిపోతోంది. నాకేమో నిద్ర రావట్లేదు. మూడు దుప్పట్లు, వాటి మీద అల్పాకా ఉన్ని కంబళి ఒకటి కప్పుకుని, చెయ్యొక్కటి బయటపెట్టి రాస్తున్నా. అక్షరాలు వంకర పోతే తిట్టుకోకు, వేళ్ళు కొంకర్లు పోతున్నాయి. మనూళ్ళో జూలైలో వాన కోసం మొగం ఎత్తి చూస్తుంటాం, ఇక్కడ జూలై అంటే నడి చలికాలం. పగలు ఎండ చుర్రుమంటుంది, పొద్దు గుంకగానే నీళ్ళు గడ్డ కట్టే చలి.

లీమాలో కంపెనీ పని బుధవారంతో అయిపోయింది. నాలుగు రోజులు చేతిలో ఉన్నాయి. అందరూ మచ్చుపిచ్చు పొమ్మన్నారు. ఫోటోల్లో వెయ్యిసార్లు చూసిన చోటికి ఏం పోతాంలే అని నేను కోల్కా లోయ పట్టుకున్నా. లీమా సముద్రం ఒడ్డున ఉంటుంది. అక్కణ్ణుంచి విమానంలో అరెకీపా, 2,335 మీటర్లు. ఊరంతా తెల్లటి అగ్నిపర్వతపు రాతితో కట్టారు, చూడ్డానికి బ్రహ్మాండం. అక్కడ రెండు మూడు రోజులుండి ఒంటిని అలవాటు చేసుకుని పైకి పొమ్మని హోటల్ పిల్లోడు చెప్పాడు. నేను వింటానా? ఏటా తిరుమల 3,550 మెట్లు గోవిందా అంటూ ఎక్కేవాణ్ణి, నాకు చెప్తావా అనుకుని మర్నాడు పొద్దున్నే బస్సెక్కేశా.

బస్సు ఎక్కుతూనే ఉంటుంది మామా. చెట్టనేది కనపడదు. ఇచు అని పసుప్పచ్చ గడ్డి దుబ్బులు, వాటి మధ్య వికున్యాలు. లేడికీ ఒంటెకీ పుట్టినట్టుంటాయి, బస్సు చప్పుడికి తలెత్తి చూసి మళ్ళీ మేతలో పడతాయి. దారిలో పటపంపా అని కనుమ వస్తుంది, 4,910 మీటర్లు. చుట్టూ ఆరువేల మీటర్లకు అటూ ఇటూ ఉన్న కొండలు. సబన్‌కాయా అనే అగ్నిపర్వతం 2016 నుంచి పొగ కక్కుతూనే ఉందట. నేను చూసినప్పుడు కూడా బూడిదరంగు మేఘం ఒకటి నెత్తిన పెట్టుకుని కూర్చుంది. పక్కనే అంపాటో. పూర్వం ఈ కొండల్ని ఏలిన ఇంకా జాతి వాళ్ళు బలిచ్చిన పిల్ల శరీరం మంచులో చెడిపోకుండా 1995లో దొరికింది ఆ కొండ మీదే. పిల్లకు హువానీతా అని పేరు పెట్టారు. అరెకీపా మ్యూజియంలో ఉంచారంటే పోలేదు, ఎందుకో మనసొప్పలేదు.

ఆ కనుమలో జనం రాయి మీద రాయి పేర్చి చిన్న చిన్న గోపురాల్లాగా నిలబెడతారు, కొండ దేవుళ్ళకు. నేనూ నాలుగు రాళ్ళు పేరుద్దామని బస్సు దిగి గబగబా పది అడుగులు వేశానో లేదో, కణతల్లో ఎవడో మేకు దిగ్గొట్టినట్టయింది. గుండె చెవుల్లో కొట్టుకుంటోంది. ఆ ఎత్తులో గాలి ఎంత పీల్చినా సముద్రమట్టం దగ్గర దొరికే ఆక్సిజన్లో సగానికి కాస్త పైనే అందేది. అక్కడే ఒక రాతిమీద కూలబడ్డా. బస్సులో ఉన్న ఎనభై ఏళ్ళ ముసలామె వీపున మూట కట్టుకుని నన్ను దాటుకుంటూ చక్కా వెళ్ళిపోయింది.

చివాయ్ చేరేసరికి, అది 3,635 మీటర్లే లే, వాంతి ఒక్కటే తక్కువ. ఈ రోగాన్ని ఇక్కడ సొరోచే అంటారు. నేను దిగిన ఇంటావిడ నా మొహం చూడగానే లెక్క కట్టేసింది. నా సంచీ తనే లాక్కుని, వంటింట్లో పొయ్యి పక్కన ముక్కాలిపీట మీద కూలేసింది. మగ్గులో పిడికెడు ఆకులు వేసి మరిగే నీళ్ళు పోసి చేతికిచ్చింది. కోకా ఆకు, మున్యా, చచకోమా, మూడూ కలిపిన కషాయం. మున్యా నలిపితే పుదీనాకు అన్నలాంటి వాసన. కోకా అనగానే కొకైన్ గుర్తొచ్చి నువ్వు కళ్ళు పెద్దవి చేస్తావని తెలుసు. ఆకు నమిలితేనో కాచుకుని తాగితేనో మత్తేం రాదురా, మనం తమలపాకు నమిలినంత మామూలు వీళ్ళకు. రుచి మాత్రం ఎండుగడ్డి నానబెట్టిన నీళ్ళే. తాగుతుంటే ఆవిడ ఎదురుగా కూర్చుని, నేను గుటక వేసినప్పుడల్లా "పోకో ఆ పోకో" అంటుంది. మెల్లమెల్లగా అని. నాకొచ్చిన స్పానిష్ పది మాటలు, ఆవిడకొచ్చిన ఇంగ్లీషు సున్నా. మమీతా అని పిలిచా, బజార్లో అందరూ పెద్దాడవాళ్ళను అలాగే పిలుస్తుంటే విని. నవ్వింది. ముందు రెండు పళ్ళు వెండివి.

ఆ రాత్రి ఒక తమాషా. తలనొప్పితో పడుకుని ఉంటే వంటింట్లోంచి కుస్ కుస్‌మని చప్పుడు. మా అమ్మ వంట చేస్తున్నట్టే! లేచిపోయి చూస్తే ప్రెషర్ కుక్కరు. ఈ ఎత్తులో నీళ్ళు 88 డిగ్రీలకే మరిగిపోతాయి. ఎంత మరిగినా అన్నం పలుకు పలుకుగానే ఉంటుంది, ఉర్లగడ్డ ఉడకదు. అందుకని కుక్కరు లేనిదే ఇక్కడ పొయ్యి వెలగదు. ఉర్లగడ్డ పుట్టిల్లే ఈ కొండలు. 4,000 పైగా రకాలున్నాయట, ఊదారంగువి, గుమ్మడిపూవు రంగువి, పైనాపిల్ లాగా గుంటలు గుంటలుగా ఉన్నవి. వాటితో చూన్యో అని చేస్తారు. గడ్డల్ని రాత్రి చలికి ఆరుబయట పరిచి గడ్డకట్టనిచ్చి, పగటి ఎండకు కరిగాక కాళ్ళతో తొక్కి నీరంతా పిండేస్తారు. అలా కొన్ని రోజులు చేస్తే గులకరాళ్ళలాగా తేలిగ్గా తయారవుతుంది, ఏళ్ళ తరబడి నిలవుంటుంది. మనం వడియాలు పెట్టుకున్నట్టు. నాలుగు చూన్యోలు అడిగి తీసుకున్నా నీకోసం. తింటే నీకు నచ్చదు, మట్టివాసన, అయినా చూస్తావని.

రొకోటో సంగతి కూడా చెప్పేస్తా, తర్వాత ఎవరి ద్వారానో తెలిస్తే పరువు పోతుంది. సూపు చప్పగా ఉందని "కారం, కారం" అని సైగ చేశా. ఆవిడ టమాటాలాంటి ఎర్రటి కాయొకటి తెచ్చింది. కోస్తే లోపల గింజలు నల్లగా ఉన్నాయి. పెద్ద ముక్క నోట్లో వేసుకున్నా, సీమోణ్ణి కదా. తర్వాత ఐదు నిమిషాలు నేను తెలుగులో ఏమేం అన్నానో ఆవిడకు అర్థం కాకపోవడం నా అదృష్టం.

మర్నాడు లోయ చూడ్డానికి పోయా. రాబందుల గురించి తొందరగా చెప్పేస్తా, ఎందుకంటే అందరూ వాటి కోసమే వస్తారు, నాకేమో అసలు సంగతి వేరే కనపడింది. క్రూజ్ దెల్ కోందోర్ అనే చోట లోయ అంచున పొద్దున ఎనిమిదింటికి నిలబడితే, ఎండ తగిలి గాలి వేడెక్కి పైకి లేస్తుంటే, దాని మీద కోందోర్లు లోతు నుంచి తేలుతూ వస్తాయి. రెక్కలు చాస్తే మూడు మీటర్లు. ఒకటి నా తల మీదుగా పోయింది, రెక్కల ఈకల్లో గాలి సుయ్యిమన్న చప్పుడు వినపడింది. రెక్క ఆడించలేదు. ఒక కోందోరుకు యంత్రం కట్టి చూస్తే ఐదు గంటలు, 172 కిలోమీటర్లు, ఒక్కసారి కూడా రెక్క కొట్టకుండా ఎగిరిందట. నేను కిందనుంచి చూస్తూ నోటితో గాలి పీలుస్తున్నా.

ఇక అసలు సంగతి. లోయకు రెండు పక్కలా, కింద ఏటి దగ్గర్నుంచి పైన కొండ నడుం దాకా, మెట్లు మెట్లుగా మళ్ళు కట్టారు మామా. రాతి గోడ, దాని వెనక మన్ను, మళ్ళీ రాతి గోడ. ఇంకాలు రాకముందే కట్టినవి చాలా ఉన్నాయి, వెయ్యేళ్ళ నాటివి, ఇప్పటికీ వాటిలో మొక్కజొన్న, బార్లీ, కీన్వా పండిస్తున్నారు. దగ్గరకు పోయి ఒక గోడ మీద చెయ్యి పెట్టి చూశా. సున్నం లేదు, సిమెంటు లేదు. రాళ్ళ సందుల్లో గులకరాళ్ళు దూర్చారు, నీరు ఇంకి కింది మడికి దిగడానికి. రాయి పగటి ఎండను దాచుకుని రాత్రికి మొక్కకు వెచ్చదనం ఇస్తుందట. గోడలో నాలుగు రాళ్ళు బయటికి పొడుచుకుని ఉన్నాయి, కొత్తగా కట్టేవాడు తప్పు పెట్టాడేమో అనుకున్నా. ఒక రైతు వాటి మీద కాలేసి పై మడిలోకి ఎక్కిపోయాడు. మెట్లు! దారికని అడుగు నేల కూడా పోగొట్టుకోలేదు. దారిలో ఒక బండరాయి కనపడింది, దాని మీద ఈ మళ్ళూ కాలవలూ చిన్న బొమ్మలాగా చెక్కి ఉన్నాయి. మన ఇంజనీరు కాగితం మీద గీసేది వాళ్ళు బండమీద చెక్కుకున్నారన్నమాట.

లోయకు ఆ చివర కబనకోందే అని ఊరు. దాని కథ నువ్వు వినాలి. వాళ్ళకు నీళ్ళు వాల్కా వాల్కా అనే మంచుకొండ నుంచి వస్తాయి, ఆ కొండే వాళ్ళ దేవుడు. నీళ్ళకు వంతులు, వంతులు చూడ్డానికి ఒక మనిషి. అచ్చం మన నీరుగంటే! మనకు చెరువులూ పోయాయి, నీరుగంట్లూ పోయారు, ఇక్కడ ఇంకా ఉన్నారు. సరే, ప్రభుత్వం వచ్చి కోల్కా నీళ్ళను సముద్రం వైపున్న మాహెస్ ఎడారికి తోలుకుపోవడానికి కాలవ తవ్వింది. సుమారు వంద కిలోమీటర్లు, అందులో చాలా భాగం సొరంగాలే. ఈ లోయలోకి మంచి రోడ్లు పడిందీ ఆ పని వల్లే. ఆ కాలవ ఈ ఊరి పొలాల పైనుంచే పోతుంది. కరువు. పైన నిండుగా నీళ్ళు పోతుంటే కింద మొక్కజొన్న మాడిపోతోంది. ఒక్క చుక్క ఇవ్వలేదు. 1983లో ఊళ్ళో పదకొండు మంది పోయి కాలవకు గండి కొట్టేశారు. ఆ తర్వాత దిగొచ్చి తూము పెట్టి నీళ్ళిచ్చారు. ఆ పదకొండు మందినీ ఊళ్ళో వీరులని చెప్పుకుంటారు.

ఇది చదివి నువ్వేం అంటావో నాకు ఇక్కడికే వినపడుతోంది. కాలవ ఒడ్డున కూర్చుని పక్క జిల్లాకు పోయే నీళ్ళను చూసే బాధ మనకొకడు చెప్పాలా.

ఇంకో ముచ్చట, టోపీలది. చివాయ్ బజార్లో ఆడవాళ్ళు రెండు రకాల టోపీలు పెట్టుకుంటారు. రిబ్బను కట్టిన తెల్లటి గడ్డి టోపీ అయితే కొయాగువా జాతి, రంగుల దారాలతో నిండా కుట్టుపనున్న గుడ్డ టోపీ అయితే కబానా జాతి. పూర్వం టోపీలు కాదట, తలలే! పసిపిల్లల తలకు కట్లు కట్టి కొయాగువాలు తమ అగ్నిపర్వతం లాగా పొడుగ్గా, కబానాలు వెడల్పుగా చేసేవాళ్ళట. స్పెయిన్ వాళ్ళు వచ్చి 16వ శతాబ్దంలో అది మాన్పించారు. తల పోయింది, టోపీ మిగిలింది. ఆ కుట్టుపని చేసేవాళ్ళలో మగవాళ్ళూ ఉన్నారు. కాలితో తొక్కే కుట్టుమిషను ముందు ఒకాయన కూర్చుని, గీత గీసుకోకుండా, నాతో మాట్లాడుతూనే గుడ్డ తిప్పుతూ పిట్టను కుట్టేశాడు. ముందు ముక్కు, చివర తోక. మీ ఆవిడకు ఒక బెల్టు కొన్నా. బేరం ఆడబుద్ధి కాలేదు.

యాంకె అనే పక్క ఊళ్ళో పొద్దున్నే పిల్లలు టూరిస్టు బస్సుల కోసం విటీటీ నాట్యం ఆడతారు. 2015లో యునెస్కో జాబితాకెక్కిన నాట్యం. ఆ చలిలో బడి ముందు వాళ్ళ చేత ఆడించడం నాకు నచ్చలా. పండగకు వాళ్ళకోసం వాళ్ళు ఆడుకుంటుంటే చూడాలి.

రేపు పొద్దున బస్సు. తలనొప్పి పోయింది కానీ మెట్లెక్కితే ఇంకా ఆగాలి. ఇందాక ఆవిడ వేడినీళ్ళ సంచీ తెచ్చి కాళ్ళ దగ్గర పెట్టి, లైటు ఆర్పమని వేలు చూపించి పోయింది. రెండుసార్లు చెప్పించుకుంటే బాగోదు.

చెనిక్కాయ విత్తారా? పోయినసారి ఫోన్లో కొత్త బోరు ఎనిమిదొందల అడుగుల దగ్గర ఉందన్నావు. పడిందా? ఎన్ని అంగుళాలు? ఏదైనా సరే, రాయి.

నీ వాడే