2025 వార్షిక నివేదిక: పండగలు కాస్త, చరిత్ర యాత్రలు ఎక్కువ

సభ్యులందరికీ నమస్కారం. ఉగాది, బతుకమ్మ, కార్తీక వనభోజనాలు ఎప్పట్లాగే బాగా జరిగాయి, ఫొటోలన్నీ గ్రూపులో ఉన్నాయి కాబట్టి వాటి గురించి మళ్లీ రాయను. లెక్కలు కోశాధికారి గారు విడిగా పంపుతారు.

రెండో ప్రపంచ యుద్ధం ముగిసి 80 ఏళ్లయింది కదా, మనం ఉంటున్న ఈ జపాన్‌లో అప్పటి బడిపిల్లల చేత ఏం పని చేయించారో పిల్లలతో కలిసి చూద్దామని సంవత్సరం మొదట్లో అనుకున్నాం. ఇంత బరువైన విషయం పిల్లలకెందుకని కొందరు అన్నారు. నాకూ ఆ టెన్షన్ ఉండేది.

ఈ బడిపిల్లల పని 1938లో సెలవుల్లో మూడు నుంచి ఐదు రోజులతో మొదలైంది. 1941 తర్వాత ఏడాదికి 30 రోజులైంది. 1944 జనవరిలో నాలుగు నెలలన్నారు, మార్చికల్లా ఏడాది పొడవునా అన్నారు. 1945 ఏప్రిల్ నుంచి చిన్న తరగతులు తప్ప పాఠాలే లేవు. మగవాళ్లు యుద్ధానికి పోయాక పొలాల్లోకి, ఫ్యాక్టరీల్లోకి పిల్లల్నే దింపారు. మొత్తం 34 లక్షల మందికి పైగా. వాళ్లలో పది వేలకు పైగా తిరిగి ఇంటికి రాలేదు.

మే నెలలో ఒకునోషిమా దీవికి వెళ్లాం. రైలు టైం నేనే తప్పు చూశాను, తదనౌమి రేవులో ఫెర్రీ మన కళ్లముందే వెళ్లిపోయింది, క్షమించాలి. ఇప్పుడు అందరూ కుందేళ్ల కోసం వెళ్లే ఆ దీవిలో ఒకప్పుడు విషవాయువు తయారుచేసేవాళ్లు, మ్యాపులోంచి కూడా తీసేశారు. యుద్ధం చివర్లో చుట్టుపక్కల బడుల ఆడపిల్లల్ని తెచ్చి వాయువు డబ్బాలు మోయించారు, అమెరికా మీదకి వదిలే బాంబు బెలూన్లకి కాగితం అతికించే పనీ చేయించారు. ఆ జిగురు కొన్యాకు దుంపది, అంటే మన కంద జాతిదే. ఆకలికి తట్టుకోలేక ఆ జిగురు తిన్నవాళ్లు కూడా ఉన్నారని చెప్పగానే, అప్పటిదాకా కుందేళ్ల గోలలో ఉన్న మన పిల్లలు ఒక్కసారి నిశ్శబ్దమైపోయారు.

హిరోషిమాకి నవంబరులో వెళ్లాం, ఆగస్టులో జనం తొక్కిడి భరించలేమని. అణుబాంబుకి శిథిలమై మిగిలిన డోమ్ భవనం పక్కనే, ఇలా పనిలో పెట్టిన విద్యార్థుల స్మారకం ఉంది, అయిదంతస్తుల చిన్న గోపురం, దాన్ని దాటుకుంటూ పోయేవాళ్లే ఎక్కువ. మ్యూజియంలో 13 ఏళ్ల పిల్లవాడి లంచ్ బాక్స్ దగ్గర చాలాసేపు ఆగాం. బార్లీ, సోయా గింజలు కలిపిన అన్నం, పూర్తిగా బొగ్గు. “సోమవారం కదా, బడి లేదా?” అని ఎనిమిదో తరగతి అబ్బాయి అడిగాడు. అణుబాంబు పడిన ఆ రోజు, 1945 ఆగస్టు 6, నిజంగానే సోమవారం. బాంబు దాడుల్లో మంటలు పాకకుండా ఖాళీ జాగా చేయాలని వరస ఇళ్లు కూల్చేస్తుంటే, ఆ చెక్కలూ పెంకులూ ఎత్తే పనికి వచ్చారు ఈ పిల్లలు. పొద్దున్నే, తలమీద ఏ నీడా లేకుండా. ఆ ఊళ్లో చనిపోయిన పని విద్యార్థులు ఆరు వేల మంది దాకా.

వాడికి నేను సరిగ్గా జవాబు చెప్పలేకపోయాను. వాళ్లమ్మ చెప్పింది.

వచ్చే ఏడాది ఐచిలోని తొయోకావా అనుకుంటున్నాం. అక్కడి నౌకాదళ ఆయుధ కర్మాగారం మీద 1945 ఆగస్టు 7న బాంబులు పడి 2,500 మందికి పైగా పోయారు, అందులో 452 మంది విద్యార్థులు. ఇప్పుడు ఆ స్థలంలో కొంత భాగం పార్కు. వచ్చేవాళ్లు పేర్లు ఇవ్వండి, రైలు టైములు మాత్రం ఈసారి ఇంకెవరైనా చూడండి.

— మీ కార్యదర్శి