బాయిలర్ చూసి బండికి పేరు పెట్టొద్దు

సంపాదకులు గారికి,

నమస్కారం. గత ఆదివారం మీ అనుబంధంలో ఐర్లాండ్‌లోని డబ్లిన్ నగరంలో 1916లో తీసిన ఫొటో ఒకటి వేశారు. వీధిలో ఆగి ఉన్న బండి, దాని వీపున పడుకోబెట్టిన పెద్ద ఇనుప డొల్ల, ఆ డొల్ల నిండా నల్లటి కన్నాలు. కింద 'ఆవిరితో నడిచిన తొలినాటి ట్యాంకు' అని రాశారు. అది ట్యాంకూ కాదు, ఆవిరితో నడిచిందీ కాదు. బీరు పీపాలు మోసిన పెట్రోలు లారీ.

ఆ ఏడాది ఏప్రిల్ 24న, ఈస్టర్ సోమవారం నాడు, బ్రిటిష్ పాలన మీద తిరగబడ్డ ఐరిష్ తిరుగుబాటుదారులు డబ్లిన్ నడిబొడ్డున పెద్ద పెద్ద భవనాలు ఆక్రమించారు. కిటికీల్లోంచి, మిద్దెల మీంచి తూటాలు వస్తుంటే బ్రిటిష్ సైనికులకు వీధి దాటడం గండమైంది. అప్పుడు డబ్లిన్‌లోనే ఉన్న ఇంచికోర్ రైల్వే వర్క్‌షాపులో పని మొదలైంది. గిన్నెస్ బీరు కంపెనీ తన డైమ్లర్ లారీలు ఇచ్చింది. రైలింజను బాయిలర్ ముందు భాగాన పొగ చేరే గుండ్రటి డొల్ల ఉంటుంది, రైల్వేవాళ్లు స్మోక్‌బాక్స్ అంటారు. వాటిని తెచ్చి లారీల మీద బిగించారు. లోపల సైనికులు. తుపాకీ పెట్టడానికి కొన్ని నిజమైన కన్నాలు కోశారు, మిగతావి నల్లరంగుతో పూసిన చుక్కలే. దూరం నుంచి గురిపెట్టేవాడికి ఏది కన్నమో ఏది రంగో తెలియకూడదని. మీ ఫొటోను భూతద్దం కింద పెట్టి చూడండి, కొన్ని కన్నాలకు లోతు ఉండదు. ఆ శనివారం, 29న, తిరుగుబాటుదారులు లొంగిపోయారు. అంటే బండి కట్టడం, వీధుల్లో తిప్పడం అన్నీ ఆ వారంలోనే.

బాయిలర్ ఆకారం కనబడగానే ఆవిరి అనుకోవడం ఎవరికైనా సహజం. కానీ నిప్పు ఎక్కడ పెడతారు, నీళ్లు ఎక్కడ పోస్తారు అని ఒక్కసారి అడిగి చూసుకుంటే ఆ మాట నిలబడదు. ఆ డొల్ల నిండా మనుషులే.

నేను విజయవాడ ఆటోనగర్‌లో ముప్పై ఏళ్లకు పైగా లారీ బాడీలు కట్టినవాణ్ణి. కంపెనీ నుంచి ఉత్త ఛాసిస్, అంటే ఇంజనూ చక్రాలూ ఉన్న ఇనుప చట్రం, వస్తుంది. క్యాబిన్ ఉండదు, తలుపులుండవు. తలకు తువ్వాలు చుట్టుకున్న డ్రైవరు చెక్కపెట్టె మీద కూర్చుని వందల మైళ్లు తోలుకొస్తాడు. దాని మీద మేం టేకు చెక్కా రేకూ వేసి కడతాం. బయటికెళ్లే లారీ ఒకదానికొకటి పోలిక లేకుండా ఉంటుంది, కింద ఛాసిస్ మాత్రం ఒకటే. అందుకే మా కళ్లు ముందు కిందికే పోతాయి.

హడావుడిగా కవచం కట్టినవాడు కూడా మాలాంటివాడే. ఫ్రేము పైన ఎంత మార్చినా కింద చెయ్యి పెట్టడు, పెట్టే తీరిక ఉండదు. బరువు మోసే ఉక్కు పట్టీల కమాన్ కట్టలు, వాటిని పట్టుకున్న బ్రాకెట్లు, యాక్సిల్, చక్రాల నడిమి హబ్బులు కంపెనీ ఇచ్చినవి ఇచ్చినట్టే ఉంటాయి. డైమ్లర్ బండికైతే రేడియేటర్ నెత్తిన వరసగా మడతలు మడతలుగా ఉండటం పెద్ద గుర్తు. కానీ కవచం కట్టేవాళ్లు ముందు కప్పేది రేడియేటర్‌నే, తూటా తగిలి నీళ్లు కారిపోతే బండి ఆగిపోతుంది గనుక. అప్పుడు మిగిలేవి చక్రాలు. ఊచలెన్ని, వెనక జంట టైర్లా, వెనక చక్రాన్ని గొలుసు తిప్పుతోందా, షాఫ్టు అనే ఇనుప కడ్డీ తిప్పుతోందా? ఆ రోజుల్లో చాలా బరువు లారీలు గొలుసుతో తిరిగేవి. టైరు ఎత్తును కొలబద్దగా పెట్టుకుని ముందు చక్రానికీ వెనక చక్రానికీ మధ్య దూరం కొలిస్తే, ఫొటో ఒక్కటే ఉన్నా సగం కంపెనీలు జాబితాలోంచి పోతాయి.

అదే కాలంలో రష్యావాళ్లు పేరులోనే ఈ లెక్క సరిగ్గా రాసుకున్నారు. అమెరికా గార్‌ఫోర్డ్ లారీ ఛాసిస్ మీద పుటిలోవ్ కార్ఖానా కవచం కడితే గార్‌ఫోర్డ్-పుటిలోవ్. అమెరికాలోనే తయారైన, నాలుగు చక్రాలకూ ఇంజను శక్తి అందే జెఫరీ లారీ మీద పోప్లావ్కో అనే అధికారి నమూనా ప్రకారం కడితే జెఫరీ-పోప్లావ్కో. ముందు ఛాసిస్ పేరు, తర్వాత కట్టినవాడి పేరు. ఇద్దరికీ దక్కాల్సింది దక్కింది.

మన దేశం సంగతికొస్తే చిక్కు ఇంకా ఎక్కువ. 1920లలో బ్రిటిష్ ఇండియా సైన్యం కోసం మాంచెస్టర్ క్రాస్లీ కంపెనీ ఛాసిస్‌ల మీద వికర్స్ కంపెనీ గుమ్మటంలాంటి కవచం కట్టింది. కొండ మీంచి కిందికి కాల్చే తూటా జారిపోవాలని ఆ గుండ్రటి రూపం. 1939 నాటికి ఆ ఛాసిస్‌లు అరిగిపోయాయి. కవచాలు బాగానే ఉన్నాయి కాబట్టి వాటిని ఊడదీసి షెవర్లే లారీ ఛాసిస్‌ల మీద బిగించారు. పైన చూస్తే క్రాస్లీ, కింద వంగి చూస్తే షెవర్లే. వంగి చూడనివాడు రాసే తేదీలో పదిహేనేళ్ల దాకా తప్పు దొర్లుతుంది.

నా బాధ ఇక్కడే ఉంది. రెండేళ్ల క్రితం ఒక ఊళ్లో పార్కు గేటు దగ్గర పాత సైనిక వాహనం చూశాను. చక్రాలు సగం దాకా సిమెంటు దిమ్మెలో పూడ్చేశారు. ఫ్రేము నుంచి హబ్బుల దాకా ఒకటే పచ్చరంగు, ఒకదాని మీద ఒకటి నాలుగు పూతలైనా ఉంటాయి. నంబరు పంచ్ చేసి ఉండాల్సిన చోట వేలితో తడిమితే నున్నగా తగిలింది. బోర్డు మీద 'యుద్ధ వాహనం' అన్న రెండు మాటలే. పిల్లలు ఎక్కి ఫొటోలు దిగుతున్నారు, మంచిదే. వాళ్లలో ఒకడు ఇదేం బండి తాతా అని అడిగితే చెప్పలేకపోయాను.

రిజిస్ట్రేషన్ కోసం లారీ తీసుకెళ్తే ఛాసిస్ నంబరు మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది అచ్చు తీస్తారు. ఐదు నిమిషాల పని. పార్కుల్లో, కూడళ్లలో, మ్యూజియంలలో పాత వాహనాలు నిలబెట్టే మున్సిపాలిటీలు, పురావస్తు శాఖలు రంగు డబ్బా మూత తీయకముందే ఆ పని చేయించాలి. కింద నుంచి నాలుగు ఫొటోలు తీసి దాచాలి. బోర్డు మీద ఛాసిస్ ఎవరిది, కవచం ఎవరు కట్టారు అన్న రెండూ రాయాలి. తెలియకపోతే ఖాళీ వదలండి, తోచిన పేరు రాయకండి. మీ పత్రిక కూడా ఆ డబ్లిన్ ఫొటో కింద సవరణ వేయాలని కోరుతున్నాను.

మన రెండు రాష్ట్రాల్లో ఎక్కడ పాత వాహనం ఉన్నా కబురు చేయండి. నేనూ, నాతో పనిచేసిన ఇద్దరు మేస్త్రీలూ మా ఖర్చులతోనే వస్తాం. ఓ గోనెపట్టా, టార్చిలైటు ఉంటే చాలు, కిందికి దూరి చూసి చెబుతాం.

ఇట్లు,
రిటైరైన బాడీ మేస్త్రి,
ఆటోనగర్, విజయవాడ