ఆ పర్సంటైల్ ఎవరి మధ్య?

సంపాదకులకు నమస్కారం.

జేఈఈ మెయిన్ ఫలితాలు వచ్చిన మర్నాడు పేపర్ తెరిస్తే వార్తల కంటే ముందు కాలేజీల ప్రకటనలే. కూకట్‌పల్లి వైపు వెళ్తే ఫ్లెక్సీల మీదా అవే ముఖాలు. 'ఫిజిక్స్‌లో 100' అని పెద్దగా వేసి, పర్సంటైల్ అన్న మాట మాత్రం కళ్లద్దాలు పెట్టుకుంటేగానీ కనపడనంత చిన్నగా వేస్తారు. చూసినవాళ్లు నూటికి నూరు మార్కులనే అనుకుంటారు మరి.

పర్సంటైల్ మార్కుల లెక్క కాదండీ, మనుషుల లెక్క. ఆ షిఫ్టులో, అంటే మన పిల్లతో పాటు అదే పూట పరీక్ష రాసినవాళ్లలో నూటికి ఎంతమందికి మన పిల్లతో సమానంగా గానీ తక్కువగా గానీ మార్కులు వచ్చాయో చెబుతుంది, అంతే. షిఫ్టులో అందరికంటే ఎక్కువ వచ్చినవాడికి 300కి 280 వచ్చినా 100 పర్సంటైలే. ఇంకో సంగతి, పది లక్షల మంది రాశారనుకుంటే 95 పర్సంటైల్ వచ్చిన పిల్లకి ముందు దాదాపు 50 వేల మంది ఉన్నట్టు, 99 వచ్చినా 10 వేల మంది ఉన్నట్టు. 95 వచ్చింది కదా, ఇంక మంచి ఎన్ఐటీలో సీటు ఖాయం అని స్వీట్లు పంచేసి, కౌన్సెలింగ్‌లో బిత్తరపోయే తల్లిదండ్రులు మా కాలనీలోనే ఉన్నారు.

అంతకంటే నాకు ఒళ్లు మండేది కాలేజీల వీకెండ్ టెస్టుల సంగతి. 'మీ అబ్బాయి 82 పర్సంటైల్ నుంచి 74కి పడిపోయాడు' అని మెసేజ్ పెడతారు. ఎంతమంది రాశారు, ఏ బ్యాచ్‌తో పోల్చారు, ఒక్క ముక్క ఉండదు. అవే మార్కులకి మామూలు సెక్షన్‌లో 85 వస్తుంది, బాగా చదివేవాళ్లని ఏరి పెట్టే స్టార్ బ్యాచ్‌లో కూర్చోబెడితే 40 కూడా రాకపోవచ్చు. పైగా మధ్యలో పిల్లలు కిక్కిరిసి ఉంటారు కాబట్టి అక్కడ రెండు మూడు మార్కులు పోతేనే పర్సంటైల్ బాగా దిగిపోతుంది, అదే పైన 99 నుంచి 99.9కి వెళ్లాలంటే బోలెడు మార్కులు కావాలి. ఇది తెలియక ఇంట్లో పిల్లాడికి క్లాసు పీకుతాం, వాడికి టెన్షన్, మనకి బీపీ. కొన్నిచోట్ల ఆ అంకె చూసే సెక్షన్ కూడా మార్చేస్తున్నారు!

కోచింగ్ ప్రకటనల మీద 2024 నవంబరులో కేంద్రం మార్గదర్శకాలు ఇచ్చింది, ర్యాంకు వచ్చినవాళ్లు ఏ కోర్సు తీసుకున్నారో, ఫీజు కట్టారో లేదో చెప్పాలని. మంచిదే. మీరు కూడా ప్రకటన తీసుకునేటప్పుడు పర్సంటైల్ పక్కనే అంతే సైజులో మార్కులూ ఆలిండియా ర్యాంకూ వేయమని అడగండి. ఇక ఇంటర్ బోర్డు వాళ్లు, టెస్టు రాసినవాళ్ల సంఖ్య లేకుండా తల్లిదండ్రులకు పర్సంటైల్ పంపొద్దని కాలేజీలకి ఒక సర్క్యులర్ ఇస్తే చాలు, దానికి కమిటీలేవీ అక్కర్లేదు.

- ఒక ఇంటర్ విద్యార్థి తండ్రి,
దిల్‌సుఖ్‌నగర్, హైదరాబాద్