ఒక్క ఊరే పెట్టుకో, అమ్మలూ

అమ్మలూ,

నువ్వు పంపిన ప్లాన్ నేనూ అమ్మా కూర్చుని చూశాం. నాలుగు రోజుల్లో పలెర్మో, చెఫలూ, అగ్రిజెంతో, కతానియా, తావోర్మీనా. అన్నీ ఇటలీలోని సిసిలీ దీవిలోవే, మ్యాప్‌లో దగ్గరగానే కనిపిస్తాయి గానీ అగ్రిజెంతో దీవికి దక్షిణపు వైపు ఉంది, తావోర్మీనా తూర్పు వైపు ఉంది. మీ సెలవంతా బస్సుల్లోనూ స్టేషన్ బెంచీల మీదా అయిపోతుంది. ఫోన్‌లో చెబితే "సరే నాన్నా" అని పెట్టేస్తావు. అందుకే రాస్తున్నాను. చెఫలూలో మూడు రాత్రులు ఉండండి. మిగతా ఊళ్ళు ఇంకోసారి చూడొచ్చు.

ఇంత పట్టుబట్టి ఎందుకు చెబుతున్నానంటే, ఆ ఊళ్ళో నేను ఐదు గంటలే ఉన్నాను. 1999లో థర్డ్ ఇంజినీర్‌గా చేస్తున్నప్పుడు మా ఓడ రిపేరుకి పలెర్మోలో ఆగింది. ఓ ఆదివారం షోర్ లీవ్, అంటే ఓడ దిగి ఊళ్ళోకి వెళ్ళే సెలవు, దొరికితే ముగ్గురం చెఫలూకి రైలెక్కాం. గంట ప్రయాణం. వెళ్ళేటప్పుడు ఎడమవైపు కూర్చో, కిటికీలో సముద్రం కనిపిస్తుంది. అప్పటికి అమ్మకి ఏడో నెల, కడుపులో నువ్వు. బీరువాలో పట్టుచీరల కింద దాచిన పోస్ట్‌కార్డు ఉంది చూడు, చిన్నప్పుడు గోడకి అంటిస్తానని ఏడ్చావే, అది ఆ రోజు కొన్నదే. ఎత్తయిన బండకొండ, దాని కింద రెండు గోపురాల చర్చి, కింద నీళ్ళ అంచు దాకా ఇళ్ళు. ఆ కార్డు విశాఖ చేరేసరికి నువ్వు పుట్టి తొమ్మిది రోజులైంది.

ఆ ఊళ్ళో నాకు బాగా గుర్తున్నది చర్చి కాదు, చాకిరేవు. వీధిలోంచి మెట్లు దిగి కిందికి వెళ్ళాలి. దిగుతుంటేనే చల్లగాలి తగులుతుంది. గోడలో వరసగా ఇనుప గొట్టాలు, చాలావాటికి సింహం ముఖాలు, వాటి నోళ్ళలోంచి నీళ్ళు ధారగా పడుతుంటాయి. కింద రాతి తొట్లు. ప్రతి తొట్టికీ బట్టలు రుద్దడానికి ఏటవాలు బండ. వందల ఏళ్ళు ఆడవాళ్ళు రుద్ది రుద్ది ఆ బండలు సబ్బుబిళ్ళలా నున్నగా అరిగిపోయాయి. నేను చెయ్యి పెట్టి చూశాను. సరిగ్గా అరచేయి ఆనేచోట గుంట పడి ఉంది. ఊరి కిందనుంచి వచ్చే చెఫలీనో అనే చిన్న ఏటి నీళ్ళవి, అక్కణ్ణుంచి నేరుగా సముద్రంలోకి పోతాయి. మా అమ్మ, అంటే మీ నాయనమ్మ, గెడ్డలో బట్టలుతికి వచ్చాక ఆమె చేతులు ఎలా ఉండేవో నాకు ఇప్పటికీ గుర్తే. అంత దూరంలో ఆ బండ ముట్టుకుంటే ఆమే గుర్తొచ్చింది. నువ్వూ ఒకసారి చెయ్యి పెట్టి చూడు.

చర్చిని రెండవ రోజర్ అనే నార్మన్ రాజు 1131లో మొదలుపెట్టించాడు. సముద్రంలో తుఫానుకి చిక్కి, ప్రాణాలతో ఆ ఒడ్డు చేరి, మొక్కు తీర్చుకోవడానికి కట్టించాడని అక్కడ చెప్పుకుంటారు. ఓడల మీద బతికినవాణ్ణి, నాకు ఆ మాట నమ్మాలనిపించింది. లోపల బలిపీఠం వెనక గోడంతా బంగారు మొజాయిక్, అంటే చిన్న చిన్న రంగు పలుకులు అతికించి చేసిన బొమ్మ. క్రీస్తు చేతిలో తెరిచిన పుస్తకం, ఒక పేజీ గ్రీకులో, ఇంకోటి లాటిన్‌లో, లోకానికి వెలుగును నేనే అన్న వాక్యం. తొందరపడి ఫోటో తీసుకుని వచ్చేయకు. ఒక అడుగు పక్కకి జరిగితే బంగారం మీద మెరుపు కూడా నీతోపాటు జరుగుతుంది. చర్చిలోకి భుజాలు కప్పుకుని వెళ్ళాలి, ఒక చున్నీ బ్యాగులో పెట్టుకో.

నేను చూడనిది ఆ కొండ. లా రోక్కా అంటారు, సుమారు 270 మీటర్ల ఎత్తు. పైన పాత కోటగోడలు, క్రీస్తుకు ముందు కాలపు పెద్ద పెద్ద రాళ్ళ కట్టడం, దాన్ని డయానా గుడి అంటారు. కింద నిలబడి తలెత్తి చూశానే గానీ, రైలు టైమైపోతోందని మిగతా ఇద్దరూ లాక్కెళ్ళారు. సాయంత్రం కూడా చూడలేదు. పడమటి ఎండ పడితే ఆ ఊళ్ళో రాయంతా తేనె రంగులోకి మారుతుందట. పగటిపూట వచ్చిపోయేవాళ్ళకి అది దొరకదు, అందుకే రాత్రులు ఉండమంటున్నాను. కొండకి మాత్రం పొద్దున్నే వెళ్ళండి. నీళ్ళు ఎక్కువ పట్టుకెళ్ళండి, చెప్పులతో ఎక్కొద్దు, ఆ రాళ్ళు జారతాయి. వాన, పెద్ద గాలి ఉంటే అసలు పైకి వెళ్ళొద్దు.

ఇక సముద్రం. ఆర్కే బీచ్‌లో నిన్ను మోకాళ్ళు దాటి దిగనివ్వలేదు, దానికి నా మీద నీకు కోపం కూడా ఉండేది. మన ఒడ్డు లోతుగా దిగుతుంది, వెనక్కి లాగే కెరటం బలమైంది. నాకు తెలిసిన పిల్లలు పోయారు అమ్మలూ. చెఫలూ బీచ్ అలా కాదు. మెల్లగా దిగే ఇసుక. ఆటుపోట్ల తేడా మన కంటికి ఆనదు. పోయినేడు ఈత నేర్చుకున్నావు కదా, దిగు. జూన్ మొదట్లో నీళ్ళు ఇంకా చల్లగానే ఉంటాయి. వాయవ్యం నుంచి గాలి లేచినా, ఎర్ర జెండా ఎగిరినా మాత్రం గట్టు మీదే ఉండు. ఈ ఒక్క మాట నాకోసం విను.

జూన్ 2 వాళ్ళ రిపబ్లిక్ డే కదా, 1946లో రాజు వద్దని ఓటేసిన రోజు. ఆ సెలవుకి ఇటలీ వాళ్ళూ బయల్దేరతారు, కాబట్టి రూమ్ ఇప్పుడే బుక్ చేసేయండి. మీ ముగ్గురిలో ఒకరికి మోకాలు నొప్పి అన్నావు, పాత ఊళ్ళో ఇళ్ళకి మెట్లు ఎక్కువ, లిఫ్ట్ ఉందో లేదో ముందే అడగండి. రూముకి తలకింత అని టూరిస్ట్ ట్యాక్స్ విడిగా తీసుకుంటారు, భోజనం చేసే హోటల్లో బిల్లు మీద కోపెర్తో అని కూర్చున్నందుకు కొంత వేస్తారు, మోసం అనుకోకండి. కాగితం టికెట్ కొంటే రైలెక్కేముందు మెషిన్‌లో స్టాంప్ కొట్టించండి, లేకపోతే ఫైన్.

మాంసం తినని అమ్మాయి గురించి అమ్మకి బెంగ. పానెల్లే అడగండి, శనగపిండి ఉడికించి బిళ్ళలు కోసి నూనెలో వేయించి బన్నులో పెడతారు, మేం పలెర్మోలో బండి దగ్గర వేడివేడిగా తిన్నాం. కపొనాతా అంటే వంకాయ ముక్కలు వేయించి వెనిగర్, చక్కెర పోసి పుల్లపుల్లగా తియ్యగా చేస్తారు, అన్నంలోకి కూడా బాగుంటుందని నా నమ్మకం. పాస్తా చెప్పేటప్పుడు సార్దే అన్న మాట ఉంటే అది చేప, ఆ అమ్మాయికి చెప్పు.

కొండ పైకి చేరాక వీడియో కాల్ చెయ్యి. మీకు ఎనిమిదైతే మాకు పదకొండున్నర, అమ్మ వంట ముగించి కూర్చుని ఉంటుంది. ఫోన్‌ని ముందు ఊరివైపు తిప్పు, రెండు గోపురాలూ కనిపించాలి. ఇక్కడ అమ్మ ఆ పోస్ట్‌కార్డు చేతిలో పట్టుకుని చూస్తానంటోంది.

మీ నాన్న