ముందు వినాలి, చదవాలి: రెండో భాష గురించి తల్లిదండ్రులకు ఒక లేఖ

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

"ఇన్నాళ్లుగా నేర్చుకుంటున్నా మా పిల్ల ఆ భాషలో నోరు విప్పడం లేదు" అని ఈ మధ్య చాలామంది నాతో అన్నారు. దయచేసి కంగారు పడకండి. కొత్త భాషలో కొంతకాలం మౌనంగా ఉండే పిల్లలు చాలామందే ఉంటారు. మాట్లాడకపోయినా వింటూ, పోల్చుకుంటూ ఉంటారు. అలాంటి సమయంలో నలుగురి ముందు నిలబెట్టి "ఏదీ, ఒక వాక్యం చెప్పు" అంటే బెరుకు పెరుగుతుంది.

అర్థమయ్యే మాటలు వినడం, చదవడం ద్వారానే భాష అబ్బుతుందని అమెరికా భాషావేత్త స్టీఫెన్ క్రాషెన్ 1980లలో గట్టిగా వాదించారు. పిల్లవాడికి వచ్చినదానికంటే ఒక్క మెట్టు పైనున్న భాష అందాలన్నది ఆయన మాట. ఆయన సిద్ధాంతంపై విమర్శలు చాలానే వచ్చాయి. అయినా వినడం, చదవడం పుష్కలంగా ఉండాలన్న విషయంలో పెద్దగా భేదాభిప్రాయం లేదు.

ఇక్కడ "అర్థమయ్యే" అన్నదే ముఖ్యం. ఒక్క ముక్క బోధపడని టీవీ కార్యక్రమం గంటలకొద్దీ మోగినా పిల్లలకు ఒరిగేది తక్కువ. పుస్తకాలూ అంతే. కథను సాయం లేకుండా హాయిగా చదవాలంటే నూటికి సుమారు 98 పదాలు తెలిసి ఉండాలని పరిశోధకులు అంటారు. అందుకే మీకు మరీ తేలికగా కనిపించే పుస్తకాన్ని మీ అబ్బాయి ఇంటికి తెస్తే సంతోషించండి.

ఫిజీ గ్రామీణ పాఠశాలల్లో 1980ల ఆరంభంలో జరిగిన ప్రయోగం నాకెంతో ఇష్టం. వార్విక్ ఎలీ, ఫ్రాన్సిస్ మంగూభాయ్ అనే పరిశోధకులు అక్కడి తరగతులకు ఆసక్తికరమైన ఇంగ్లీషు కథల పుస్తకాలను పెద్ద సంఖ్యలో అందించారు. ఆ పిల్లలు మామూలు పాఠాలతో సరిపెట్టుకున్నవారిని చదివి అర్థం చేసుకోవడంలో దాటిపోయారు. రెండో ఏడాదికి ఆ మేలు ఇతర భాషా నైపుణ్యాలకూ పాకింది.

అయితే వినడం, చదవడం మాత్రమే చాలవు. కెనడాలో ఏళ్ల తరబడి ఫ్రెంచి మాధ్యమంలో చదివిన, ఇంట్లో ఇంగ్లీషు మాట్లాడే పిల్లలు బాగా అర్థం చేసుకోగలిగినా, మాట్లాడేటప్పుడూ రాసేటప్పుడూ తప్పులు చేస్తూనే ఉన్నారని భాషావేత్త మెరిల్ స్వెయిన్ 1985లో చూపారు. అందుకే తరగతిలో పిల్లలను జంటలుగా మాట్లాడిస్తున్నాం. ఇంట్లో మాత్రం తప్పులు దిద్దే పని పెట్టుకోకండి. రోజూ కాసేపు పక్కన కూర్చుని కథ చదివించండి, లేదా మీరే చదివి వినిపించండి. ఆ భాష మీకు రాకపోతే బొమ్మలు చూపి కథను మీ భాషలోనే చెప్పించుకోండి. పుస్తకం మరీ కష్టమనిపిస్తే మర్నాడే తిప్పి పంపండి, వేరేది ఇస్తాం.

మీ
ప్రధానోపాధ్యాయురాలు